పన్నెండు బై ఆరు ప్రపంచం

"రాష్ట్రంలోని ప్రతి బడి గోడ మీద ప్రపంచం ఉండాలి. ఆ ప్రపంచం వెడల్పు పన్నెండు అడుగులు, ఎత్తు ఆరడుగులు ఉండాలి. అంగుళం ఎక్కువైనా తక్కువైనా ఈ ప్రభుత్వం సహించదు" అని మంత్రిగారు మంచిర్యాల సభలో ప్రకటించిన నాడు చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రపంచానికి ఒక కొలత అంటూ లేకుండా అన్నాళ్ళు ఎట్లా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఒక పంతులు దాన్ని చేటంత గీసేవాడు, ఇంకో పంతులు చాపంత గీసేవాడు. అడిగే నాథుడు లేడు.

మంత్రిగారు అప్పుడే విదేశాలు తిరిగి వచ్చారు. అక్కడేదో విమానాశ్రయంలో విమానం ఆలస్యమైతే, గోడ మీద వేసిన ఒక పటం కింద కూర్చుని కునుకు తీశారట. మెలకువ రాగానే ఆ పటాన్ని పీఏ చేత కొలిపించారట. నిద్రలో సైతం ప్రజల గురించి ఆలోచించే నాయకులున్నారని పేపర్లలో చదివాను గానీ, నిద్ర లేవగానే ఆలోచించే నాయకుణ్ణి కళ్ళారా చూడడం నాకదే మొదలు.

మాది చెన్నూరు దగ్గర, గోదావరి ఒడ్డున పెద్దరేవుపల్లి. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఊరి బడి అప్పుడు బందెలదొడ్డిలో నడుస్తుండేది. పాత బడి కప్పు కిందటేటి వానకు కూలిపోతే, చేలల్లో పడి మేసిన పశువులను పట్టి కట్టేసే ఆ దొడ్డిలోకి పిల్లల్ని కూడా తోలారు. దొడ్డిలో ఒక మూల రేకుల కొట్టం ఉంది. కాగితాల్లో అది పశువుల పేర ఉంది కాబట్టి నీడ పశువులది, ఎండ పిల్లలది. వాన వస్తే పిల్లలు వెళ్ళి బర్రెల మధ్య నిలబడేవారు. బర్రెలు ఏమీ అనేవి కావు. పట్టుబడ్డ పశువుకు యజమాని వచ్చి జుర్మానా కట్టి విడిపించుకుపోతాడు. పిల్లల్ని విడిపించడానికి ఎవరూ వచ్చేవారు కారు.

అట్లాగని ప్రభుత్వం ఊరుకుందని కాదు. దొడ్డికి ఎదురుగా, మా ఇంటి అరుగు మీద కూర్చుంటే కనిపించేటట్టు, ఒక కొత్త గది కట్టింది. మంచి గది. స్లాబు, ముందు గోడకు నట్టనడుమ ఒక తలుపు, పక్క గోడలకు చువ్వల కిటికీలు, లోపలి గోడకు నల్లబోర్డు. తలుపుకు తాళం. తాళంచెవి మండలాధ్యక్షులు కొండల్‌రావుగారి లాల్చీ జేబులో. ప్రారంభోత్సవం కాకుండా తాళం తీస్తే శిలాఫలకం చిన్నబోతుందని ఆయన బాధ. ఫలకం అప్పటికే షాబాదు బండ మీద చెక్కించి ఇంట్లో పెట్టుకున్నారు. పైన మంత్రిగారి పేరు, కింద తన పేరు. అక్షరాల ఎత్తు ఇద్దరికీ సమానం. ఆయన సమతావాది.

మంత్రిగారు మాత్రం ప్రపంచం లేని గదిని ప్రారంభించరు.

మా హెడ్మాస్టరు సరళాదేవిగారు ధర్మపురి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది. రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టగానే ఆమె కొండల్‌రావుగారి గడికి, అంటే ఆయన కోటలాంటి ఇంటికి, వెళ్ళింది. బడి కమిటీ మెంబరునని నన్ను కూడా వెంట తీసుకెళ్ళింది. గది ఎదురుగా అరుగు ఉండడమే మెంబరుగా నా అర్హత.

"మిరుగం కార్తె దగ్గర పడ్డది దొరా. పోయిన ఏడు వానల పిల్లగాండ్లకు జరాలొచ్చి ఆడపిల్లలు సగం మంది బడి మానేసిన్రు. ప్రపంచం తర్వాత చూద్దాం, ముంగట తాళంచెవి ఇయ్యుండ్రి" అన్నది.

"ప్రపంచం లేకుంట గది ఇస్తే రేపు నువ్వు పిల్లగాండ్లకు ఏం చెప్తవమ్మా?"

"లెక్కలు."

కొండల్‌రావుగారు జేబు మీద చెయ్యి వేసుకుని చాలా సేపు విచారంగా నవ్వారు. ఆడవాళ్ళకు దూరదృష్టి ఉండదన్న సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు, నాకు చెప్పారు. ప్రపంచం పని ఆ సాయంత్రమే మొదలుపెట్టిస్తానని మాట ఇచ్చారు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా.

ఆ పనికి ముగ్గురు నిపుణులు కూడారు. ఒకరు మండలం ఇంజనీరు కైలాసం, మెడలో టేపు వేసుకునే తిరిగే మనిషి. రెండోవాడు చెన్నూరు పెయింటరు చాంద్‌పాషా. టూరింగ్ టాకీసుకు బోర్డులు, బీడీ కంపెనీలకు గోడ రాతలు అతని చేతివే. అతను ఎవరి బొమ్మ వేసినా మీసం వచ్చేది. మూడోవారు సీతారాంరావుగారు, కరీంనగర్‌లో భూగోళం చెప్పే లెక్చరర్. ఆయన్ని జీపు పంపి పిలిపించారు.

సీతారాంరావుగారు ముందు ఒక సంత్రా పండు తెప్పించారు. భూమి ఇట్లా ఉంటుంది, తొక్క ఒలిచి బల్ల మీద పరిస్తే ఎక్కడో ఒక చోట చినుగుతుంది, లేదా సాగదీయాలి, ఆ సాగదీసే పద్ధతినే ప్రొజెక్షన్ అంటారు, పద్ధతులు వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క ఆకారం వస్తుంది, కాబట్టి ముందు పద్ధతి ఎంచుకుంటే కొలత దానంతట అదే వస్తుంది అని విడమరిచి చెప్పారు.

"కొలత ఎప్పుడో వచ్చింది సార్" అన్నారు కొండల్‌రావుగారు. "ఇగ ప్రపంచమే రావాలె."

లెక్చరర్‌గారు ఆ పండు తొనలు తిని పని ప్రారంభించారు. మొదటి పద్ధతి ఓడలు నడిపేవాళ్ళది. నమూనాకని చాంద్‌పాషా ఊరి బయట కల్లంలో ముగ్గుపిండితో గీశాడు. వెడల్పు పన్నెండు అడుగులు సరిగ్గా వచ్చింది. ఎత్తు దగ్గర చిక్కొచ్చింది. పైకి పోయినకొద్దీ దేశాలు సాగుతున్నాయి. ఆరడుగులు దాటింది, తొమ్మిది దాటింది. ఉత్తర ధ్రువం ఎప్పుడొస్తుందని కైలాసం అడిగితే, ఈ పద్ధతిలో అది ఎప్పటికీ రాదని లెక్చరర్‌గారు చెప్పారు. గోడ ఎంత పెంచినా ధ్రువం ఇంకా పైనే ఉంటుందట.

కైలాసానికి ఆ రాత్రి అన్నం సహించలేదు. అంతం లేని పనికి అంచనా వేయమని అతనికి కాలేజీలో నేర్పలేదు. కొండల్‌రావుగారి బామ్మర్ది మటుకు చాలా సంతోషించాడు. మండలంలో కాంట్రాక్టులన్నీ అతనివే.

"ధ్రువం వచ్చేదాక కడుతనే ఉంట బావా, నువ్వు పర్మిషన్ ఇయ్యి" అన్నాడు. సేవ చేయాలన్న తపన అతనిది.

ఆ తపనకు అడ్డం వచ్చింది గ్రీన్‌లాండ్. మర్నాడు కొండల్‌రావుగారు కల్లం గట్టు మీద నిలబడి పటం చూశారు. పైన ఎడమ పక్క బర్రెతోలు పరిచినట్టు పెద్ద దేశం ఒకటి కనిపించింది. కుడి పక్క కింద తమలపాకంత మన దేశం.

"గా పైన గంత జాగ ఎవరిది?"

"గ్రీన్‌లాండ్ అంటారండీ" అన్నారు లెక్చరర్‌గారు.

"ఆడ జనమెంత?"

"అంతా కలిపి మీ మండలమంత ఉండొచ్చు."

"నా మండలమంత మందికి గంత జాగనా. మనకు గింతనా. మంత్రిగారు చూసి అడిగితే నేనేం చెప్పాలె?"

నిజానికి మన దేశమే పెద్దదనీ, గ్రీన్‌లాండ్ పెద్దరికం ఈ పద్ధతిలో ఉన్న లోపమనీ లెక్చరర్‌గారు చెప్పబోయారు. లోపమని తెలిసి తెలిసి ఎవరైనా గీస్తారా, ఇది ఎదుటి పార్టీ వాళ్ళు గీయించిన పటం అయి ఉంటుందని కొండల్‌రావుగారు తీర్పు చెప్పి, కల్లం మీదికి గొడ్లను తోలించారు. గ్రీన్‌లాండ్ ఆక్రమణ అట్లా తొలగిపోయింది. అంత పెద్ద భూసంస్కరణ అంత త్వరగా జరగడం మా జిల్లాలో నేను మళ్ళీ చూడలేదు.

ఇంతలో మిరుగం కార్తె వచ్చింది, దాని వెనకే మొదటి వాన. దొడ్డిలో ఐదో తరగతికి భిన్నాలు చెబుతుండగా ఒక బర్రె ఈనింది. ఒకటి రెండు కావడం ఎట్లాగో పిల్లలకు బాగా అర్థమైందని సరళాదేవిగారు నాతో అన్నది గానీ నవ్వలేదు. మర్నాడు ఐదారుగురు ఆడపిల్లలు రాలేదు. ఆమె మళ్ళీ తాళంచెవి కోసం వెళ్ళింది. గ్రీన్‌లాండ్ సమస్య ఇప్పుడే పరిష్కారమైంది, ఇంకాస్త ఓపిక పట్టమని కబురు వచ్చింది.

రెండో పద్ధతి కోడిగుడ్డుది. ప్రపంచం అడ్డంగా పడుకున్న గుడ్డులాగా ఉంటుంది. ఇందులో ప్రతి దేశానికి దానికి న్యాయంగా ఎంత జాగ రావాలో అంతే వస్తుందనీ, పైగా వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలనీ లెక్చరర్‌గారు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పారు. కైలాసం టేపు పెట్టి చూశాడు. పన్నెండు బై ఆరు. అంగుళం తేడా లేదు. గ్రీన్‌లాండ్ మన ముందు తల వంచుకుంది. కొండల్‌రావుగారు అందరికీ చాయ్ చెప్పారు.

చాయ్ తాగుతూ తాగుతూ కైలాసం గ్లాసు కింద పెట్టేశాడు. గుడ్డుకు నాలుగు మూలలా ఖాళీ ఉందే, అక్కడ ప్రపంచం లేదే, మరి పన్నెండు బై ఆరు ప్రపంచం అని తాను సంతకం ఎట్లా పెట్టేది అన్నాడు. ఆడిటర్ వచ్చి ఆ మూల వేలు పెట్టి ఇది ఏ దేశమని అడిగితే ఉద్యోగం ఉంటుందా అన్నాడు. మిగతా వాళ్ళు కూడా గ్లాసులు కింద పెట్టేశారు. చివరికి చాంద్‌పాషా గొంతు సవరించుకున్నాడు.

"ఫికర్ ఎందుకు సాబ్. నాలుగు మూలలకు నలుగురు పెద్దల బొమ్మలేస్త. పోస్టర్ల గట్లనే చేస్తం. ఖాళీ జాగ ఉంటే హీరోయిన్‌ను పెడ్తం."

ఇంత చిన్న మాట అంతమంది చదువుకున్నవాళ్ళకు తట్టలేదు. ఒక మూల మంత్రిగారు, ఒక మూల ఎమ్మెల్యేగారు, ఒక మూల కలెక్టరమ్మగారు, ఒక మూల కొండల్‌రావుగారు. మంత్రిగారిని ముందుగా వేశాడు. మీసం వచ్చింది, అదేమంత పెద్ద సంగతి కాదు. కింది మూలలు ఎవరివన్న దగ్గర గొడవ లేచింది. దక్షిణ ధ్రువం కింద ఉండడానికి నేనేం చేతగాని వాణ్ణా అని ఎమ్మెల్యేగారు చెన్నూరు నుంచి మనిషిని పంపారు. ఆ గొడవ సద్దుమణిగేలోగా, గది కట్టింది తానే కదా తన బొమ్మ ఏదని బామ్మర్ది అన్నం మానేసి పడుకున్నాడు. కొండల్‌రావుగారి భార్య లీలాబాయమ్మ తమ్ముడి పక్షం వహించి వంట మానేసింది. పెద్దలు ఐదుగురు, ప్రపంచానికి మూలలు నాలుగే. గుడ్డు పద్ధతి రద్దయింది.

మూడో పద్ధతికి వచ్చేసరికి లెక్చరర్‌గారికి కూడా ఇంటి మీద బెంగ పుట్టినట్టుంది. ఇక వంకలేవీ లేవు, నిలువు గీతలు అడ్డ గీతలు సమాన దూరంలో గీసి, అడుగు అడుగుకు చదరాలు చేసి, దేశాలను అందులో కూర్చోబెడదామన్నారు. మూలలు ఖాళీ ఉండవు. ధ్రువాలు రెండూ ఎక్కడికీ పారిపోకుండా పై గీత మీద, కింది గీత మీద చాపలాగా పడుకుంటాయి. పన్నెండు చదరాలు అడ్డం, ఆరు చదరాలు నిలువు. ఇది విని కైలాసం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవుడు భూమిని గుండ్రంగా ఎందుకు చేశాడో గానీ, ఇంజనీరై ఉంటే ఇట్లాగే చేసేవాడన్నాడు.

చాంద్‌పాషా ఉత్సాహం పట్టలేక చుట్టూ అంగుళం అంచు కట్టాడు. కైలాసం కొలిచాడు. పన్నెండు అడుగుల రెండంగుళాలు. సరే అని అంచును లోపలికి జరిపితే, బయట కొలత సరిపోయింది గానీ ప్రపంచం పదకొండు అడుగుల పదంగుళాలైంది, ఎత్తు ఐదడుగుల పదంగుళాలైంది. ఇప్పుడిది ఒకటికి రెండు కాదు, చదరాలు చదరాలు కావు అని లెక్చరర్‌గారు తల పట్టుకున్నారు. అంచు ప్రపంచంలో భాగమా కాదా అని జిల్లా ఆఫీసుకు రాశారు. అంచు గురించి తమకు ఆదేశాలేవీ అందలేదని జవాబొచ్చింది. ఆఖరికి అంచు పూర్తిగా తీసేయించారు. ప్రపంచాన్ని హద్దులు లేకుండా చేస్తామన్న పెద్దలు చాలామందే ఉన్నారు. చేసి చూపించింది మా కైలాసమే.

ఇక గోడ ఎక్కడమే తరువాయి. నిచ్చెన వేశాక చాంద్‌పాషా కుంచె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. గోడ నట్టనడుమ తలుపు ఉంది.

అందరూ తలుపు వంక చూశారు. అప్పటిదాకా అది తలుపు లాగానే కనిపించింది. ఇప్పుడది ఆఫ్రికాకు పట్టిన రోగంలాగా కనిపించింది. పక్క గోడలకు కిటికీలు. వెనక గోడ ముళ్ళ పొదల వైపు, మంత్రిగారి కారు అటు పోదు. లోపలి గోడ మీద గీద్దామా అన్నారు లెక్చరర్‌గారు నీరసంగా.

"లోపల గీస్తే ఎవరు చూస్తరు?" అన్నారు కొండల్‌రావుగారు.

"పిల్లలు" అన్నది సరళాదేవిగారు.

అందరూ మర్యాదగా నవ్వారు.

కైలాసం తలుపును తాత్కాలికంగా మూసేయాలని నిర్ణయించాడు. తాత్కాలికమన్న మాట వినగానే అందరికీ ధైర్యం వచ్చింది. బామ్మర్ది అలక మానుకుని వచ్చాడు. మధ్యాహ్నానికల్లా తలుపును చౌకట్టుతో సహా ఊడబీకి తన ఇంటికి భద్రంగా పంపించాడు. ఆ జాగాలో ఇటుకలు పేర్చి, మంత్రిగారు వచ్చే తేదీ దగ్గర పడుతోంది కాబట్టి సిమెంటు కోసం ఆలస్యం చేయకుండా గోదావరి ఒండ్రుమట్టి పెట్టి, పైన సున్నం పూశాడు. సాయంత్రానికి గోడ కోడిగుడ్డంత నున్నగా అయింది.

"మరి పిల్లగాండ్లు లోపటికెట్ల పోతరు సార్?" అని అడిగింది సరళాదేవిగారు.

కైలాసం నిజాయితీగల మనిషి. ఆర్డరు ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"దాని గురించి ఇందుల ఏం లేదు మేడం."

ఆమె గొడుగు తీసుకుని దొడ్డిలోకి వెళ్ళిపోయింది. అప్పటికి సగం పిల్లలే మిగిలారు. మిగతా వాళ్ళ ఇళ్ళకు ఆమె వెళ్ళి, మంత్రిగారు వచ్చిన మర్నాటి నుంచి గదిలో కూర్చోబెడతానని తల్లులకు చెప్పి ఉంది. గంగుబాయి అనే ఆమె అయితే, ఈసారి కూడా దొడ్డే అయితే బిడ్డను పత్తి చేనుకు తోలుకుపోతానని ముఖం మీదే చెప్పింది. ఆమె గడువు ఆ మర్నాడే.

మంత్రిగారు వచ్చిన నాడు పొద్దుటి నుంచి మబ్బు. ముందు రెండు రోజులు ముసురు. గోడ మీద ప్రపంచం మాత్రం కళకళలాడుతోంది. సముద్రం చాంద్‌పాషా టాకీసు బోర్డులకు వాడే నీలి రంగు, దేశాలు ఎరుపూ పసుపూ, మన దేశం పైన ఒక చిన్న మీసం వంటి గీత. అడిగితే హిమాలయాలు అన్నాడు చాంద్‌పాషా. పిల్లలు కాగితపు జెండాలు పట్టుకుని గోడ ముందు వరుసలో నిలబడ్డారు.

శిలాఫలకం ఎక్కడ పెట్టాలన్నది ఆఖరి సమస్య. ఫోటోలో పడాలంటే నడుమ ఉండాలని కొండల్‌రావుగారి పట్టు. ప్రపంచం మీద పెడితే ఏదో ఒక దేశం పోతుందని కైలాసం భయం. సహారా ఎడారిలో ఎవరూ ఉండరు, అక్కడ పెట్టుకోండి, నేను కరీంనగర్ బస్సుకు పోవాలి అని లెక్చరర్‌గారు చెప్పారు. ఎడారి మీద బండ ఉంటే ఆడిట్ అభ్యంతరం ఉండదని కైలాసం ఒప్పుకున్నాడు. నాలుగు మేకులు కొట్టి, సహారాలో బండను నిలబెట్టి, ముందు తెర కట్టి తాడు వేలాడదీశారు.

మంత్రిగారు వచ్చీ రాగానే పటం దగ్గరికి నడిచారు. తాను నిద్రపోయిన చోటు ఏదని అడిగితే కైలాసం కట్టెతో చూపించాడు. తర్వాత మంత్రిగారు కొండల్‌రావుగారి చేతిలోంచి తాళంచెవి తీసుకుని, దానికి కట్టిన ఎర్ర రిబ్బన్ సవరించి, సరళాదేవిగారి చేతిలో పెట్టారు. ఫోటో తీశారు. ఈ రోజు నుంచి ఈ గది మీది అన్నారు. ఆమె తాళంచెవి వంక చూసింది, గోడ వంక చూసింది, దండం పెట్టింది.

పిదప మంత్రిగారు తెర తాడు లాగారు. తెర కదలలేదు. మళ్ళీ లాగారు. చాంద్‌పాషా వేసిన ముడి, పోస్టర్లు గాలికి ఎగిరిపోకుండా వేసే ముడి అది. ఫోటోగ్రాఫర్ ఎదురు చూస్తున్నాడు. మంత్రిగారి ముఖం మారుతుండడం చూసి కొండల్‌రావుగారు ఇక ఆగలేక ముందుకొచ్చి, తెర పైనుంచే ఒక చెయ్యి బండ మీద ఆనించి, తన బరువంతా దాని మీద వేసి, రెండో చేత్తో ముడి సడలించబోయారు.

మొదట సహారా లోపలికి పోయింది. దాని వెంట ఆఫ్రికా మొత్తం పోయింది. ఇటు కొంచెం బ్రెజిలూ, అటు అరబ్బు దేశాలూ పోయాయి. మన దేశం జానెడు దూరంలో బతికిపోయింది. వాటన్నిటితో పాటు కొండల్‌రావుగారు కూడా పోయారు. కొత్త గదిలో మొట్టమొదట కాలు మోపిన గౌరవం ఆయనకే దక్కింది. కాలు అంటే నడుము కూడా.

దుమ్ము ఇంకా అణగలేదు, వాన దంచడం మొదలుపెట్టింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరళాదేవిగారు చెయ్యి ఊపింది. పిల్లలు జెండాలు పట్టుకుని వరుస తప్పకుండా ఆఫ్రికా లోంచి లోపలికి వెళ్ళిపోయారు. చివర ఆమె, చేతిలో తాళంచెవితో. గంగుబాయి బయట నిలబడి చూసి, లోపలికి పోయేటప్పుడు బిడ్డ చేతిలోంచి తీసుకున్న జెండాను నెత్తి మీద అడ్డం పెట్టుకుని ఒక్కతే చేను దారి పట్టింది.

లోపలి నుంచి సరళాదేవిగారి గొంతు వినిపించింది. "దొరా, జర పక్కకు జరుగుండ్రి. బోర్డు కనిపిస్తలేదు పిల్లగాండ్లకు."

బయట మంత్రిగారి మీద గొడుగు పట్టారు. ఆయన ఆఫ్రికా లేని ప్రపంచం వంక చాలా సేపు చూశారు. కైలాసం ముఖం సున్నమైంది.

"కొలత?" అన్నారు మంత్రిగారు.

కైలాసం మెడలోంచి టేపు తీసి, ఒక కొస నాకిచ్చి అటు చివర పట్టుకోమన్నాడు. వానలో తడుస్తూ అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు. మళ్ళీ ఒకసారి కొలిచాడు.

"పన్నెండు బై ఆరు సార్. అంగుళం తేడా లేదు."

మంత్రిగారి ముఖం విప్పారింది. గొడుగు కింద నుంచి చేతులు బయటికి చాపి చప్పట్లు కొట్టారు. కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.